ఆక్సీకరణ–క్షయకరణ చర్యలు

ఒక పదార్థం నుంచి మరో పదార్థానికి ఎలక్ట్రాన్లు చేరే రసాయన చర్యను ఆక్సీకరణ–క్షయకరణ చర్య, పొట్టిగా రెడాక్స్ చర్య అంటారు. ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం ఆక్సీకరణం, పొందడం క్షయకరణం. ఇచ్చేది లేనిదే పుచ్చుకునేది ఉండదు కాబట్టి ఈ రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి. నిప్పు, తుప్పు, ఊపిరి, బ్యాటరీ, ఉక్కు కొలిమి, నీలిమందు తొట్టి, నీళ్లు నిలిచిన వరిమడి పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపించినా వాటి వెనక రసాయనం ఇదే.

బోర్డో మిశ్రమం కలిపే రైతులు ఈ చర్యను కళ్లారా చూస్తుంటారు. ఒక శాతం మందుకు నూరు లీటర్ల నీళ్లలో కిలో మైలుతుత్తం, కిలో సున్నం పడతాయి. దీన్ని ఇనుప పాత్రలో కలపొద్దని వ్యవసాయ సిబ్బంది చెబుతారు. సున్నం చాలిందో లేదో తెలియడానికి శుభ్రంగా రుద్దిన కత్తినో కొడవలినో కాసేపు ముంచి తీయమంటారు. దాని మీద ఎర్రటి పూత పడిందంటే ఇంకొంచెం సున్నం కావాలి. ఆ పూత రాగి. మైలుతుత్తంలోని రాగి అయాన్ కత్తిలోని ఇనుప పరమాణువు దగ్గర రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని లోహమై అక్కడే అంటుకుంటుంది. ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము అయానై నీళ్లలోకి దిగుతుంది. ఇనుము ఆక్సీకరణం చెందింది, రాగి క్షయకరణం చెందింది. ఎలక్ట్రాన్లు లాక్కున్న రాగి అయాన్‌ను ఆక్సీకరణి అని, ఇచ్చిన ఇనుమును క్షయకరణి అని అంటారు. కొత్తగా చదివేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆక్సీకరణి తాను క్షయకరణం చెందుతుంది, క్షయకరణి తాను ఆక్సీకరణం చెందుతుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి: ఈ చర్యలో ఆక్సిజన్‌కు పాత్రే లేదు.

ఫ్లోజిస్టన్ నుంచి ఎలక్ట్రాన్ దాకా

18వ శతాబ్దంలో చాలాకాలం ఐరోపా రసాయనవేత్తలు మండడాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నారు. జర్మనీకి చెందిన గేయోర్గ్ స్టాల్ ప్రచారంలోకి తెచ్చిన సిద్ధాంతం ప్రకారం మండే ప్రతి వస్తువులోనూ ఫ్లోజిస్టన్ అనే పదార్థం ఉంటుంది, మండినప్పుడు అది బయటికి పోతుంది. కట్టె కాలి పిడికెడు బూడిద మిగలడం చూస్తే ఇది నిజమేననిపిస్తుంది. చిక్కంతా లోహాలతో వచ్చింది. సీసాన్నో తగరాన్నో గాలిలో బాగా కాల్చగా వచ్చిన భస్మం మొదటి లోహం కన్నా బరువు తూగుతుంది. ఏదో బయటికి పోతే బరువెలా పెరుగుతుంది? ఫ్లోజిస్టన్‌కు బరువు సున్నా కన్నా తక్కువని వాదించిన వాళ్లు కూడా ఉన్నారు.

1774లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఎర్రటి పాదరస భస్మం మీదికి భూతద్దంతో ఎండను పట్టించి ఒక వాయువును రాబట్టాడు. అందులో కొవ్వొత్తి మామూలు గాలిలో కన్నా దేదీప్యంగా వెలిగింది. స్వీడన్‌లో కార్ల్ షీలే అంతకుముందే దాన్ని తయారుచేశాడు గానీ ఆ సంగతి అచ్చులోకి ఆలస్యంగా వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆక్సిజన్‌ను చేతిలో పట్టుకుని కూడా ఇద్దరూ ఫ్లోజిస్టన్‌ను వదల్లేదు. వదిలించినవాడు పారిస్‌లోని ఆంట్వాన్ లావోసియర్. మూసిన పాత్రల్లో లోహాలను కాల్చి, ముందూ వెనకా తూచి, లోహానికి పెరిగిన బరువు గాలిలోంచి వచ్చిందేనని తేల్చాడు. 1789లో అచ్చయిన ఆయన రసాయనశాస్త్ర గ్రంథంతో కొత్త లెక్క స్థిరపడింది: ఆక్సిజన్‌తో కలిస్తే ఆక్సీకరణం, ఆక్సిజన్‌ను పోగొట్టుకుంటే క్షయకరణం. అయిదేళ్ల తర్వాత ఫ్రెంచి విప్లవం ఆయన తల తీసింది.

ఆ నిర్వచనం త్వరలోనే ఇరుకైపోయింది. క్లోరిన్‌లో ఆక్సిజన్ లేదని, అదొక మూలకమని 1810లో హంఫ్రీ డేవీ చెప్పాడు. అయినా సోడియం క్లోరిన్‌లో భగ్గున మండుతుంది. ఆక్సిజన్‌లో మండినప్పుడు సోడియంకు ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఆ ‘అదే’ ఏమిటో తేలడానికి విద్యుత్తు కావలసివచ్చింది. 1800లో వోల్టా పేర్చిన జింకు, రాగి బిళ్లల దొంతర, 1807లో డేవీ కరిగిన క్షారాల్లోంచి విద్యుత్తుతో విడదీసిన సోడియం, పొటాషియం, 1830లలో పారించిన విద్యుత్తుకూ విడుదలైన పదార్థానికీ ఫారడే కట్టిన లెక్క ఒకే దిక్కు చూపాయి. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాక మిగతాది తేలిక. సోడియం ఎలక్ట్రాన్‌ను వదులుతుంది. పుచ్చుకునేది ఆక్సిజనా క్లోరినా అన్నది ఆ తర్వాతి మాట. ఒక రకంగా చూస్తే స్టాల్ చెప్పినదాంట్లోనూ కొంత ఉంది. మండే వస్తువు నుంచి నిజంగానే ఏదో బయటికి పోతుంది, కాకపోతే దాని బరువు స్టాల్ కాలపు త్రాసులకు అందేది కాదు.

పాఠ్యపుస్తకాలు నేటికీ ఆక్సిజన్ చేరడం, హైడ్రోజన్ పోవడం, ఎలక్ట్రాన్ పోవడం అని మూడు నిర్వచనాలు వరసగా చెబుతాయి. చరిత్రగా అది సబబే. నేర్చుకునేవాళ్లకు మాత్రం మూడోది మొదట చెప్పడమే మేలు, ఎందుకంటే మొదటి రెండూ దానిలోంచే పుడతాయి. ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ల మీద ఆశ చాలా ఎక్కువ, హైడ్రోజన్‌కు తక్కువ. కాబట్టి ఆక్సిజన్ వచ్చి చేరినా, హైడ్రోజన్ వెళ్లిపోయినా, మిగిలిన పరమాణువు తన ఎలక్ట్రాన్లలో కొంత వాటా పోగొట్టుకుంటుంది.

ఆక్సీకరణ సంఖ్య

ఇనుము, రాగి ఉదాహరణలో ఎలక్ట్రాన్లు పూర్తిగా చేతులు మారాయి. బొగ్గు మండి కార్బన్ డయాక్సైడ్ అయినప్పుడు అలా జరగదు. కార్బన్, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి, వాటా మాత్రం ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది. ఇలాంటి చోట్ల ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అని రాసుకోవడానికి రసాయనవేత్తలు ఒక జమాఖర్చుల పుస్తకం పెట్టుకున్నారు. అదే ఆక్సీకరణ సంఖ్య. ప్రతి బంధంలోని ఎలక్ట్రాన్లనూ ఎక్కువ ఆశ ఉన్న పరమాణువు ఖాతాలోనే పూర్తిగా జమ వేస్తే, ఒక్కో పరమాణువు మీద ఎంత ఆవేశం మిగులుతుందో ఆ అంకె వస్తుంది.

నియమాలు కొద్దే. విడిగా ఉన్న మూలకానికి సున్నా. ఒంటరి అయాన్‌కు దాని ఆవేశమే. సమ్మేళనాల్లో ఫ్లోరిన్‌కు ఎప్పుడూ -1, ఆక్సిజన్‌కు మామూలుగా -2, హైడ్రోజన్‌కు మామూలుగా +1. ఆవేశం లేని అణువులో అన్నీ కూడితే సున్నా రావాలి. మినహాయింపులు నియమాల కన్నా ఆసక్తికరం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆక్సిజన్‌కు -1. సోడియం హైడ్రైడ్‌లో హైడ్రోజన్‌కు -1. ఫ్లోరిన్‌తో కలిసినప్పుడు ఆక్సిజన్‌ అంతటిది కూడా +2 అవుతుంది. అయస్కాంత శిల అయిన మాగ్నటైట్‌లో మూడు ఇనుప పరమాణువులకు నాలుగు ఆక్సిజన్లు. సగటు కడితే ఇనుముకు ఎనిమిది బై మూడు వస్తుంది. పరమాణువు దగ్గర మూడోవంతు ఎలక్ట్రాన్ ఉండదు కదా! అసలు సంగతేమిటంటే అక్కడ మూడింట ఒక ఇనుముకు +2, రెండింటికి +3.

ఆక్సీకరణ సంఖ్య కొలిచి చెప్పేది కాదు, ఒప్పందం. దాన్ని నిజమైన ఆవేశం అనుకుంటే తంటా వస్తుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకున్నప్పుడు దానిలోని ఇనుము +2గానే ఉంటుందా, ఒక ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్‌కు ఇచ్చి +3 అవుతుందా అన్న ప్రశ్న దశాబ్దాల పాటు నలిగింది. 1930లలో లైనస్ పౌలింగ్ మొదటిది అన్నాడు. 1960లలో జోసెఫ్ వైస్ రెండోది అన్నాడు. ఎలక్ట్రాన్లు నిజంగా పంచుకున్న చోట ఎవరి ఖాతాలో వేయాలన్న తగువు ఇది. ఆక్సిజన్ దిగిపోగానే ఎలక్ట్రాన్ మళ్లీ ఇనుము దగ్గరే ఉంటుంది, మనిషి బతకడానికి కావలసింది అదే. ఆక్సిజన్ దిగిపోయాక కూడా ఇనుము +3గానే ఉండిపోతే అది మెట్‌హీమోగ్లోబిన్, ఇక ఊపిరిని మోయలేదు. నైట్రేట్లు ఎక్కువున్న బావినీళ్లు తాగిన పసిపిల్లలు నీలంగా మారేది దీనివల్లే.

ఆక్సీకరణ సంఖ్యల వల్ల తేలిగ్గా తేలే విషయం ఇంకొకటుంది: ఏది రెడాక్స్ కాదో. రాగిచెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. చూడ్డానికి పెద్ద రసాయనమే. కానీ నల్లటి రాగి ఆక్సైడ్‌లో రాగికి +2, పులుపులో కరిగాక కూడా +2. ఎలక్ట్రాన్ ఏదీ కదల్లేదు; ఆమ్లం ఆ పొరను కరిగించి తీసుకుపోయింది, అంతే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి కావడమూ ఆమ్ల–క్షార వ్యవహారమే. నల్లబడిన వెండి పట్టీలను అల్యూమినియం రేకు మీద పెట్టి, తినేసోడా కలిపిన వేడినీళ్లు పోయడం మాత్రం అచ్చమైన రెడాక్స్. వెండి సల్ఫైడ్‌లో +1గా ఉన్న వెండి అల్యూమినియం దగ్గర ఎలక్ట్రాన్ తీసుకుని తిరిగి లోహమవుతుంది. చింతపండు చెంబులోంచి కాస్త రాగిని కరిగించి తీసుకుపోతుంది. అల్యూమినియం రేకు మాత్రం వెండిని పట్టీలోనే ఉంచుతుంది.

సమీకరణం తుల్యం చేయడం

విద్యార్థులు భయపడే భాగమిది, నిజానికి భయపడాల్సిందేమీ లేదు. చర్యను రెండు అర్ధచర్యలుగా విడగొట్టి, ఇచ్చిన ఎలక్ట్రాన్లూ తీసుకున్న ఎలక్ట్రాన్లూ సమానం చేయడమే పని. ఇంటర్ ప్రయోగశాలల్లో చేసే పర్మాంగనేట్ అంశమాపనాన్ని తీసుకుందాం. పర్మాంగనేట్ అయాన్‌లో మాంగనీస్‌కు +7. ఆమ్లంలో అది +2కు దిగుతుంది, అంటే అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఫెర్రస్ ఇనుము +2 నుంచి +3కు ఎక్కుతుంది, అంటే ఒక్కటే ఇస్తుంది. కాబట్టి ఒక పర్మాంగనేట్‌కు అయిదు ఫెర్రస్ అయాన్లు కావాలి. పర్మాంగనేట్‌లోని నాలుగు ఆక్సిజన్లు నాలుగు నీటి అణువులుగా బయటపడాలంటే ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు అవసరం. ఆవేశం సరిచూస్తే ఎడమవైపు మైనస్ ఒకటి, ప్లస్ పది, ప్లస్ ఎనిమిది కలిసి పదిహేడు. కుడివైపు రెండు, పదిహేను కలిసి పదిహేడు. లెక్క కుదిరింది. దీనికి వేరే సూచిక కూడా అక్కర్లేదు. ఊదారంగు పర్మాంగనేట్ చుక్క పడ్డ వెంటనే రంగు పోగొట్టుకుంటూ ఉంటుంది. ఇనుమంతా అయిపోయాక పడిన తర్వాతి చుక్క లేత గులాబీ రంగుగా నిలిచిపోతుంది.

కొన్నిసార్లు ఒకే మూలకం ఇచ్చేదీ, పుచ్చుకునేదీ అవుతుంది. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగలు రావడం ఈ కోవలోదే. -1గా ఉన్న ఆక్సిజన్లలో సగం -2కు దిగి నీళ్లవుతాయి, మిగతా సగం సున్నాకు ఎక్కి ఆక్సిజన్ వాయువవుతాయి. దీన్ని అననుపాత చర్య అంటారు. దీనికి ఎదురు నడిచే చర్య కూడా ఉంది, అది మరుగుదొడ్డిలో ప్రమాదం తెచ్చేది. బ్లీచింగ్ పౌడర్‌లో ఒక రకం క్లోరిన్‌కు +1, ఆమ్లపు క్లీనర్‌లోని క్లోరైడ్‌కు -1. రెండూ కలిస్తే మధ్యలో సున్నా దగ్గర కలుసుకుంటాయి. అంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఈ రెంటినీ కలిపి వాడకూడదు.

ఎవరు ఎవరికి ఇస్తారు: ఎలక్ట్రోడ్ పొటెన్షియల్

ఇనుప కత్తి మీద రాగి పూత పడుతుంది గానీ, ఇనుప లవణం నీళ్లలో రాగి తీగ ముంచితే ఏమీ జరగదు. ఎందుకు? నా దృష్టిలో ఈ అధ్యాయమంతటికీ ఇదే కీలకం, ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ దీనికి జవాబు.

1836లో లండన్‌లో జాన్ డేనియల్ తయారుచేసిన ఘటంలో జింకు కడ్డీ జింకు సల్ఫేట్ ద్రావణంలో, రాగి కడ్డీ మైలుతుత్తం ద్రావణంలో ఉంటాయి. రెండు ద్రావణాలూ కలవకుండా, అయాన్లు మాత్రం దాటేలా మధ్యలో ఒక అడ్డు. జింకును నేరుగా మైలుతుత్తంలో పడేస్తే ఎలక్ట్రాన్లు అక్కడికక్కడే చేతులు మారి శక్తి వేడిగా పోతుంది. డేనియల్ ఏర్పాటులో అవి తీగలోంచి చుట్టూ తిరిగి వెళ్లక తప్పదు. ఆ దారిలో వాటిచేత పని చేయించుకోవచ్చు. అప్పటి టెలిగ్రాఫ్ తంతి ఈ ఘటాల మీదే చాలాకాలం నడిచింది. ఆక్సీకరణం జరిగే జింకు కడ్డీ యానోడ్, క్షయకరణం జరిగే రాగి కడ్డీ కాథోడ్.

ఒంటరి ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను కొలవడం కుదరదు, తేడానే కొలవగలం. అందుకని హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను సున్నాగా ఒప్పుకుని మిగతావాటిని దానితో పోల్చారు. ప్రమాణ పరిస్థితుల్లో లిథియంకు -3.04 వోల్టులు, అల్యూమినియంకు -1.66, జింకుకు -0.76, ఇనుముకు -0.44, తగరానికి -0.14, రాగికి +0.34, వెండికి +0.80. అన్నిటికన్నా పైన ఫ్లోరిన్, +2.87. కింద ఉన్నది పైనున్నదానికి ఎలక్ట్రాన్లు ఇస్తుంది. జింకు, రాగి మధ్య తేడా 1.10 వోల్టులు, డేనియల్ ఘటం ఇచ్చేది సరిగ్గా అంతే. ఇనుము, రాగి మధ్య 0.78. బంగారం ఈ పట్టికలో చాలా పైన ఉంటుంది కాబట్టే భూమిలో లోహంగానే దొరుకుతుంది, వందల ఏళ్లు పాతిపెట్టినా మెరుపు తగ్గదు.

ఈ అంకెలు ఒక గాఢతకే వర్తిస్తాయి. గాఢత మారితే పొటెన్షియల్ ఎలా మారుతుందో 1889లో వాల్టర్ నెర్న్‌స్ట్ సమీకరణం కట్టాడు. రైతు కత్తి పరీక్షకు ఆధారం కూడా ఇక్కడే ఉంది. సున్నం సరిపడా పడితే రాగి దాదాపు అంతా కరగని హైడ్రాక్సైడ్ రూపంలోకి పోతుంది. నీళ్లలో స్వేచ్ఛగా తిరిగే రాగి అయాన్లు అతి తక్కువై వాటి పొటెన్షియల్ పడిపోతుంది. అందుకని కత్తి మీద పూత పడదు.

పొటెన్షియల్ ఏది జరగగలదో చెబుతుంది గానీ, ఎంత వేగంగా జరుగుతుందో చెప్పదు. పట్టిక ప్రకారం అల్యూమినియం గిన్నె నీళ్లలోనే కరిగిపోవాలి. అది నిలబడడానికి కారణం దాని ఒంటి మీది కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ పొర. ఈ పుస్తకపు కాగితానికీ గాలికీ మధ్య కూడా ఎలక్ట్రాన్ల బేరం ఎప్పుడో తెగింది. అగ్గిపుల్ల గీసే దాకా మొదలుకాదు.

లోహాల పుట్టుక

మనిషి వాడే లోహాల్లో ఎక్కువ భాగం భూమిలో ఆక్సైడ్లుగానో సల్ఫైడ్లుగానో ఉంటాయి. లోహం తీయడమంటే ఆ అయాన్లకు ఎలక్ట్రాన్లు తిరిగి ఇవ్వడమే. విశాఖ ఉక్కు కర్మాగారంలోని గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో జరిగేది ఇదే. కోక్ సగం మండి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. అది ఇనుప ఖనిజంలోని +3 ఇనుమును సున్నాకు దించి, తాను కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. రెండు ఇనుప పరమాణువులకు ఆరు ఎలక్ట్రాన్లు కావాలి, ఒక్కో కార్బన్ రెండే ఇస్తుంది, కాబట్టి మూడు కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఖర్చవుతాయి. ఉక్కు పరిశ్రమ వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో అధికభాగం ఇంధనం కాల్చినందుకు వచ్చినది మాత్రమే కాదు, క్షయకరణి వదిలినది కూడా. అందుకే కరెంటును సౌరశక్తికి మార్చినంత మాత్రాన ఉక్కు శుభ్రపడదు, క్షయకరణినే మార్చాలి. స్వీడన్‌లోని లూలియోలో కోక్ బదులు హైడ్రోజన్ వాడి ఇనుము తీశారు, దానితో చేసిన ఉక్కు 2021లో బయటికి వచ్చింది. అక్కడ వెలువడేది నీటి ఆవిరి.

అల్యూమినియం కార్బన్‌కు లొంగదు. 19వ శతాబ్దం చివరి దాకా అది వెండితో పోటీపడే విలువైన లోహం. 1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్సులో పాల్ ఎరూ ఒకరి గురించి ఒకరికి తెలియకుండా ఒకే మార్గం కనిపెట్టారు. అల్యూమినాను కరిగిన క్రయోలైట్‌లో సుమారు 950 డిగ్రీల దగ్గర కరిగించి, కరెంటు ద్వారా ఎలక్ట్రాన్లను బలవంతంగా ఎక్కించడమే ఆ మార్గం. ఇద్దరూ 1863లోనే పుట్టారు, 1914లోనే పోయారు. నేటికీ కిలో అల్యూమినియంకు 13 నుంచి 15 యూనిట్ల కరెంటు పడుతుంది. అంత ఖర్చుపెట్టి ఎక్కించిన ఎలక్ట్రాన్లను అది అవకాశం దొరికితే ఎంత ఉధృతంగా తిరిగి ఇస్తుందో చూడాలంటే రైలుపట్టాలు అతికే చోటికి వెళ్లాలి. అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడ్ కలిపి అంటిస్తే కరిగిన ఇనుము పట్టాల సందులోకి దిగుతుంది. థర్మైట్ చర్య అని దీని పేరు.

తుప్పు

తుప్పు పట్టడమంటే ఇనుము, గాలి నేరుగా కలవడం అనుకుంటారు. అది నీళ్ల సాయంతో ఇనుము మీదే ఏర్పడే చిన్న విద్యుత్ ఘటాల పని. ఇనుప రేకు మీద ఉప్పునీటి చుక్క పడిందనుకోండి. చుక్క అంచుల్లో ఆక్సిజన్ బాగా అందుతుంది, నడిమధ్యలో అందదు. మధ్యలో ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది. అవి లోహంలోంచి అంచుకు ప్రయాణించి అక్కడ ఆక్సిజన్, నీళ్లతో కలిసి హైడ్రాక్సైడ్ అవుతాయి. అంటే ఇనుము తినిపోయేది గాలి తగిలే చోట కాదు, తగలని చోట. బోల్టు కింద, పెయింటు పొర కింద, గోడలోని చువ్వ మీద గుంతలు పడడానికి కారణం ఇదే. ఉప్పు అయాన్లు విద్యుత్తుకు దారి సుగమం చేస్తాయి కాబట్టి సముద్రతీర పట్టణాల్లో ఈ పని తొందరగా సాగుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. శ్లాబు పెచ్చులూడేది అందుకే.

జింకు పూసిన రేకుకు గీత పడినా ఇనుము నిలుస్తుంది. పట్టికలో జింకు ఇంకా కింద ఉంది కాబట్టి ఎలక్ట్రాన్లు ముందు అదే ఇస్తుంది. తగరం పూసిన డబ్బాకు గీత పడితే కథ తిరగబడుతుంది. తగరం ఇనుము కన్నా పైన ఉంది, అందువల్ల గీత దగ్గర ఇనుము మరింత వేగంగా పోతుంది. ఓడల అడుగునా, భూమిలోని పైపులకూ జింకు, మెగ్నీషియం దిమ్మలు తగిలించడంలో ఉన్నది జింకు పూత సూత్రమే. ఢిల్లీలోని ఇనుప స్తంభం ఆరు టన్నులకు పైగా బరువుతో, ఇలాంటి కాపలా ఏదీ లేకుండా దాదాపు 1600 ఏళ్లుగా నిలిచి ఉంది. దాని ఇనుములో భాస్వరం ఎక్కువ. ఆ భాస్వరం వల్ల ఉపరితలం మీద గట్టి పొర ఏర్పడి, మిగతాదాన్ని కాచింది.

కలంకారీ నలుపు, నీలిమందు

శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెడతారు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆమ్లంలో ఇనుము కరుగుతుంది. తుప్పులోని +3 ఇనుము లోపలి లోహంతో కలిసి +2కు దిగుతుంది: ఒక లోహ పరమాణువు, రెండు +3 అయాన్లు కలిసి మూడు +2 అయాన్లవుతాయి. ఈ నీళ్లు చూడ్డానికి అంత నల్లగా ఉండవు. కరక్కాయ రసం, గేదెపాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద కలంతో గీస్తే మాత్రం గీత నల్లబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఇనుమును మళ్లీ +3కు ఎక్కిస్తుంది, అది కరక్కాయ టానిన్లతో కలిసి నీళ్లకు కరగని నల్లటి పదార్థమై దారంలో ఇరుక్కుంటుంది. అన్నభేది, కరక్కాయతో చేసే సిరాలో కూడా ఉన్నది ఈ రసాయనమే. ముందు క్షయకరణం చేసి కరిగించడం, గుడ్డలోకి దింపాక ఆక్సీకరణం చేసి బిగించడం! ఎలక్ట్రాన్ పేరు పుట్టకముందే చేతికి వచ్చిన విద్య ఇది.

నీలిమందుదీ ఇదే ఎత్తు. నీలం రంగు నీళ్లలో కరగదు, కాబట్టి దారానికి పట్టదు. తొట్టిలో సూక్ష్మజీవుల చేతనో, నేటి కర్మాగారాల్లో సోడియం డైథయోనైట్ చేతనో దానికి ఎలక్ట్రాన్లు ఇప్పిస్తే పసుపుపచ్చగా మారి కరుగుతుంది. ముంచిన గుడ్డ పైకి తీస్తే ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలిన కొద్దీ కళ్లముందే నీలమవుతుంది. జీన్సు ప్యాంట్లకు రంగు ఎక్కేది ఇలాగే.

ఒంటిలో, బ్యాటరీలో

ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఆక్సీకరణం చెంది కార్బన్ డయాక్సైడ్ అయ్యేసరికి ఇరవైనాలుగు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఆరు ఆక్సిజన్ అణువులు తలా నాలుగు చొప్పున వాటిని తీసుకుంటాయి. కణం ఈ ఎలక్ట్రాన్లను ఒక్కసారిగా దించదు. మైటోకాండ్రియాలో ఇనుము, రాగి ఉన్న ప్రోటీన్ల వరస గుండా మెట్టుమెట్టుగా దింపుతూ, ప్రతి మెట్టు దగ్గరా దొరికిన శక్తితో హైడ్రోజన్ అయాన్లను పొర అవతలికి తోస్తుంది. అవి వెనక్కి వచ్చేటప్పుడు, కణం తన పనులకు శక్తిగా వాడుకునే ఏటీపీ అణువు తయారవుతుందని 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించాడు. చాలామంది చాలాకాలం నమ్మలేదు, 1978లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి మెట్టుకూ చివరి ఆక్సిజన్‌కూ మధ్య తేడా సుమారు 1.14 వోల్టులు, అంటే దాదాపు డేనియల్ ఘటమంత. సయనైడ్ చివరి మెట్టు దగ్గర దారి మూసేస్తుంది. ఆక్సిజన్ నిండుగా ఉన్న రక్తంతోనే మనిషి ఊపిరాడనట్టు చనిపోతాడు.

ఏటీపీ బయటపడిన దారిలోనూ ఒక రెడాక్స్ చర్య ఉంది, అందులో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేయి ఉంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి రక్తంలో, కండరంలో భాస్వరం ఎంతుందో కొలుస్తుంది. ఫాస్ఫేట్‌ను ఆమ్లంలో మాలిబ్డేట్‌తో కలిపి, తగిన క్షయకరణితో మాలిబ్డినంలో కొంత భాగాన్ని +6 నుంచి +5కు దించితే ద్రావణం నీలమవుతుంది. ఎంత నీలమో అంత భాస్వరం. నేర్పంతా క్షయకరణిని ఎంచుకోవడంలో ఉంది: ఫాస్ఫేట్‌తో కలిసిన మాలిబ్డేట్‌ను అది దించాలి, మిగిలిపోయినదాన్ని ముట్టుకోకూడదు. ఈ పద్ధతితో కండరాన్ని పరీక్షిస్తుండగానే 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని అదే ఏడాది విడిగా గుర్తించాడు.

బ్యాటరీల సంగతి చాలావరకు డేనియల్ ఘటంతోనే చెప్పుకున్నట్టు. ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే సీసపు బ్యాటరీ 1859లో గాస్టన్ ప్లాంటే చేసినది. ఒకవైపు సున్నా దగ్గర సీసం, ఇంకోవైపు +4 సీసం, వాడుతున్న కొద్దీ రెండూ +2 సల్ఫేట్‌గా మారతాయి. ఒక్కో గదికి రెండు వోల్టులు, ఆరు గదులకు పన్నెండు. ఫోనులోని లిథియం అయాన్ బ్యాటరీలో చాలామంది అనుకునేట్టు ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునేది లిథియం కాదు. కోబాల్ట్ ఆక్సైడ్ వాడిన రకంలో కోబాల్ట్ +3కూ +4కూ మధ్య ఎక్కి దిగుతుంటుంది, అవతలివైపు గ్రాఫైట్ ఎలక్ట్రాన్లను పట్టి వదులుతుంది. లిథియం ఎటు వెళ్లినా +1గానే ఉంటూ ఆవేశాన్ని సరితూస్తుంది.

వరిమడి

దమ్ము చేసి నీళ్లు కట్టిన మడిలో రెడాక్స్ చర్యలు ఒక వరసలో సాగుతాయి. నేలలోని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తింటూ ఎలక్ట్రాన్లను ఎవరికో ఒకరికి ఇవ్వాలి. మొదట ఆక్సిజన్‌కు ఇస్తాయి, త్వరలోనే అది అయిపోతుంది. తర్వాత నైట్రేట్‌కు, ఆపైన మాంగనీస్ ఆక్సైడ్‌కు, +3 ఇనుముకు, సల్ఫేట్‌కు, చివరికి కార్బన్ డయాక్సైడ్‌కు. ఎక్కువ శక్తి మిగిల్చేవాళ్లు ముందు, తక్కువ మిగిల్చేవాళ్లు వెనక. ఇనుము వంతు వచ్చేసరికి ఎర్రమట్టి బూడిద నీలంగా మారుతుంది. వరి కాండంలోని గాలి గొట్టాలు ఆక్సిజన్‌ను వేళ్లకు తెస్తాయి, అందులో కొంత వేళ్ల లోంచి బయటికి ఊరుతుంది. అది కరిగి ఉన్న ఇనుమును అక్కడికక్కడే ఆక్సీకరణం చేస్తుంది. నారు పీకి చూస్తే వేళ్ల మీద కనిపించే తుప్పురంగు పూత అదే.

ఎరువుల ఎంపిక కూడా ఈ వరసను బట్టే. నైట్రేట్ రూపంలో వేసిన నత్రజనిని సూక్ష్మజీవులు ఎలక్ట్రాన్లు దించుకోవడానికి వాడుకుని నైట్రోజన్ వాయువుగా గాలిలోకి పంపేస్తాయి. అందుకని మాగాణికి యూరియా, అమ్మోనియం ఎరువులే తగినవి. వరస చివరిదాకా వెళితే మీథేన్ పుడుతుంది, వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల్లో అదొకటి. మడిని మధ్యమధ్య ఆరగట్టి మళ్లీ నీళ్లు పెడితే ఆక్సిజన్ లోపలికి వచ్చి, వరస మొదటికి వెళుతుంది, మీథేన్ తగ్గుతుంది. అయితే అలా తడి, పొడి మారుతున్నప్పుడు నైట్రేట్ ఏర్పడి, దానిలో కొంత సగం దారిలోనే ఆగిపోయి నైట్రస్ ఆక్సైడ్‌గా బయటికి వస్తుంది. అణువుకు అణువు పోలిస్తే అది మీథేన్ కన్నా ఎక్కువగా వేడెక్కిస్తుంది కాబట్టి, ఎప్పుడు ఎరువు వేసి ఎప్పుడు నీరు తీయాలన్నది నేలను బట్టి, పైరు దశను బట్టి నిర్ణయించవలసి ఉంటుంది.